గోడ మీది హైపేషియా ఎవరు?

గణితం గదిలోనో, గ్రంథాలయం మెట్ల పక్కనో, మహిళా దినోత్సవానికి వేసే చార్టుల్లోనో ఒక బొమ్మ తరచూ కనిపిస్తుంది. పక్కకు తిరిగిన ముఖం, పైకి ముడిచిన జుట్టు, తిన్నని ముక్కు, పాతికేళ్లు దాటని వయసు. కింద హైపేషియా అని పేరు. పేరు పక్కన, ఆలోచించే హక్కును వదులుకోవద్దని చెప్పే ఒక మంచి మాట. బొమ్మ చూడటానికి బాగుంటుంది. అయితే ఆ ముఖం ఆమెది కాదు. ఆ మాట కూడా ఆమెది కాదు. రెండూ 1908లో అమెరికాలో ఒకే పుస్తకంతో పుట్టాయి. ఎల్బర్ట్ హబ్బర్డ్ అనే ప్రచురణకర్త గొప్ప గురువుల గురించి రాసిన ఆ పుస్తకానికి జూల్స్ గాస్పార్డ్ అనే చిత్రకారుడు ముఖం గీశాడు, హబ్బర్డ్ ఆమె నోట మాటలు పెట్టాడు.

హైపేషియా బతికి ఉండగా ఆమెను చూసి గీసిన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. ఆమె చెప్పినట్టు రూఢిగా అనుకోదగిన వాక్యం కూడా ఒక్కటీ లేదు. కానీ ఆమె ఎవరో, ఏం చేసిందో చెప్పే ఆధారాలు మాత్రం ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తే గోడ మీది అమ్మాయికీ అసలు మనిషికీ చాలా దూరం కనిపిస్తుంది. మా దృష్టిలో అసలు మనిషే ఎక్కువ ఆసక్తికరం.

ఆమె ఊరు అలెగ్జాండ్రియా. ఈజిప్టు దేశపు ఉత్తర తీరాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. క్రీస్తుపూర్వం 331లో అలెగ్జాండర్ పునాది వేసిన నగరం అది. హైపేషియా నాటికి గ్రీకు మాట్లాడేవాళ్లు అక్కడ స్థిరపడి దాదాపు ఏడు వందల ఏళ్లయింది. ఊరు దాటి నైలు నది పక్క పల్లెల్లోకి వెళితే కోప్టిక్ భాష వినిపించేది. పాలన రోమన్లది. పుట్టిన దేశం ఒకటి, ఇంటి భాష మరొకటి కావడం ఈ పేజీ చదివేవాళ్లకు కొత్త సంగతేం కాదు. ఒక్క తేడా ఉంది. అక్కడ గ్రీకు అధికారం చేతిలో ఉన్న భాష, చదువుకున్నవాళ్ల భాష. దాని కోసం ఎవరూ అర్జీలు పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

కాలం తెలియాలంటే మన వైపు నుంచి చూద్దాం. ఆమె పాఠాలు చెబుతున్న రోజుల్లో ఉత్తర భారతంలో గుప్త చక్రవర్తి రెండో చంద్రగుప్తుడు ఏలుతున్నాడు. ఆర్యభటుడు పుట్టింది 476లో, అంటే ఆమె పోయిన అరవై ఏళ్లకు.

తండ్రి పేరు థియోన్. గణితం, ఖగోళం రెండూ తెలిసినవాడు. 364లో జూన్ నెలలో వచ్చిన సూర్యగ్రహణాన్నీ, అదే ఏడు నవంబరులో వచ్చిన చంద్రగ్రహణాన్నీ గమనించి లెక్కలు కట్టాడు. యూక్లిడ్ రేఖాగణితాన్ని విద్యార్థుల కోసం సరిచేసి ఒక ప్రతి తయారుచేశాడు. తర్వాత పద్నాలుగు వందల ఏళ్లకు పైగా ప్రపంచం చదివిన గ్రీకు యూక్లిడ్ దాదాపుగా ఆ ప్రతి నుంచి వచ్చినదే. థియోన్ చెయ్యి పడని పాత ప్రతి ఒకటి ఉందని 19వ శతాబ్దం మొదట్లోగానీ, వాటికన్ గ్రంథాలయం నుంచి వచ్చిన ఒక రాతప్రతిలోగానీ తెలియలేదు. మన పిల్లలు త్రిభుజాల సిద్ధాంతాలు నేర్చుకునేటప్పుడు ఆ మాస్టారి నీడ ఎక్కడో ఉంటుంది.

కూతురికి లెక్కలు నేర్పింది ఆయనే. కూతురు తండ్రిని మించిపోయిందని తర్వాతివాళ్లు రాశారు. తండ్రి ఆ మాట రాయలేదుగానీ అంతకంటే గట్టి సాక్ష్యం వదిలాడు. టాలెమీ రాసిన అల్మాజెస్ట్ అనే మహాగ్రంథానికి థియోన్ వ్యాఖ్యానం రాశాడు. అందులో మూడో భాగం తలకట్టులో, ఈ ప్రతిని తన కూతురు, తత్వవేత్త అయిన హైపేషియా పరిష్కరించిందని పేర్కొన్నాడు. ఆమె సరిచేసింది టాలెమీ మూలాన్నా, తండ్రి వ్యాఖ్యానాన్నా అనేది పండితుల మధ్య ఇంకా తెగని వాదం. ఏదైనా, హైపేషియా చేతిపనికి మనకు దక్కిన అతి దగ్గరి ఆధారం ఆ ఒక్క వాక్యమే.

పరిష్కరించడం అంటే చిన్న పని అనుకుంటాం. అచ్చు లేని కాలం అది. ప్రతి పుస్తకాన్నీ ఒకరు చూస్తూ ఇంకొకరు చేత్తో రాసుకోవాలి. గ్రీకులు అంకెలకు కూడా అక్షరాలనే వాడేవాళ్లు. నిద్రమత్తులో లేఖకుడు ఒక్క అక్షరం తప్పు రాస్తే పట్టికలో ఒక అంకె మారిపోతుంది. అది తర్వాతి ప్రతిలోకి, అక్కడి నుంచి మరో ప్రతిలోకి పాకుతుంది. పంచాంగంలో గ్రహణం ఘడియలు తప్పుపడితే ఏమవుతుందో ఊహించుకోండి. తప్పు పట్టుకోవాలంటే ఆ లెక్కను మొదటినుంచి మళ్లీ చేయగలిగినవాళ్లు ఉండాలి. ఊరు మొత్తంలో అలాంటివాళ్లు ఎందరుంటారు?

ఆ మూడో భాగం సూర్యుడి గురించి. ఏడాదికి ఎన్ని రోజులు, రోజుకు సూర్యుడు ఆకాశంలో ఎంత దూరం జరుగుతాడు అనేవి అందులోని లెక్కలు. 360 డిగ్రీలను ఏడాది రోజులతో భాగించాలి. 365 పావు రోజులు అనుకుని మీరూ చేసి చూడండి. రోజుకు ఒక డిగ్రీ కంటే కాస్త తక్కువ, సుమారు 59 నిమిషాల 8 సెకన్లు వస్తుంది. ఇక్కడ నిమిషాలు, సెకన్లు గడియారానివి కావు, కోణానివి. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, అందులో అరవయ్యో వంతు సెకను. టాలెమీ అక్కడితో ఆగలేదు, అరవయ్యో వంతులో అరవయ్యో వంతు అంటూ ఆరు మెట్లు దిగాడు. దశాంశ బిందువు లేదు, సున్నాతో మనం చేసే భాగహారం లేదు. పలక మీద ఆ లెక్క చేయడం అంటే ఓ పూట పని. ఈ భాగంలో భాగహారం చేసిన తీరు మిగతా భాగాల్లో థియోన్ చేసిన తీరుకు భిన్నంగా ఉందని పరిశోధకులు గమనించారు. అది కూతురి పద్ధతి కావచ్చని కొందరు భావిస్తారు.

ఆమె మరో రెండు కష్టమైన పుస్తకాలకు వ్యాఖ్యానాలు రాసిందని పాత ఆధారాలు చెబుతాయి. ఒకటి డయోఫాంటస్ అంకగణితం. తెలియని సంఖ్యకు ఒక గుర్తు పెట్టి సమీకరణం నడిపించడం అందులో కనిపిస్తుంది. పదమూడు భాగాల్లో ఆరు గ్రీకులో, నాలుగు అరబ్బీ అనువాదంలో మిగిలాయి. ఫ్రాన్సులో ఫెర్మా అనే న్యాయాధికారి 17వ శతాబ్దంలో ఈ పుస్తకం చదువుతూ మార్జిన్‌లో రాసుకున్న ఒక చిన్న గమనిక మూడు వందల ఏళ్లకు పైగా గణితవేత్తలకు నిద్ర లేకుండా చేసింది. 1990లలో ఆండ్రూ వైల్స్ దాన్ని నిరూపించేదాకా ఆ కథ తెమల్లేదు.

రెండోది అపోలోనియస్ రాసిన శాంకవాల గ్రంథం. ఇంటర్ చదివే పిల్లలు ఈ పేరు వినగానే నిట్టూరుస్తారని మాకు తెలుసు. ఒక పెద్ద క్యారెట్ తీసుకోండి. అడ్డంగా కోస్తే వృత్తం. కత్తిని కొంచెం వంచి కోస్తే దీర్ఘవృత్తం. శంకువు పక్కవాలుకు సమాంతరంగా కోస్తే పరావలయం. ఇంకా నిటారుగా కోస్తే అతిపరావలయం. అపోలోనియస్ కాలంలో దీనివల్ల పైసా ఉపయోగం లేదు. 1609లో కెప్లర్ అంగారకుడు దీర్ఘవృత్తంలో తిరుగుతున్నాడని చూపించినప్పుడు ఆయనకు కావలసిన రేఖాగణితం సిద్ధంగా ఉంది. అది అన్ని శతాబ్దాలు చేతులు మారుతూ రావడానికి కారణం, అర్థం చేసుకుని పిల్లలకు చెప్పగలిగిన ఉపాధ్యాయులు తరానికి కొందరైనా ఉండటం. హైపేషియా ఆ వరుసలో ఒకరు. ఆమె వ్యాఖ్యానాలు మాత్రం విడిగా మిగల్లేదు.

కొత్త సిద్ధాంతం ఏదీ ఆమె పేరు మీద లేదు. భూమి సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తంలో తిరుగుతుందని ఆమె ముందే కనిపెట్టినట్టు 2009లో వచ్చిన అగోరా సినిమాలో చూపించారు. అది సినిమా కల్పన. అలెగ్జాండ్రియా మహాగ్రంథాలయానికి ఆమె చివరి అధిపతి అన్నదీ కల్పనే. ఆమె పుట్టేనాటికే ఆ గ్రంథాలయం ఒకప్పటి రూపంలో లేదు. ఇలాంటి అలంకారాలు ఆమెకు ఎందుకు తగిలిస్తారో మాకు అర్థం కాదు. మాస్టారిగా ఆమె చేసిన పని తక్కువ అనుకోవడం వల్లే కాబోలు.

ఆ పని ఎలా సాగేదో ఒక శిష్యుడి ఉత్తరాల వల్ల తెలుస్తుంది. పేరు సైనేసియస్. ఇప్పటి లిబియాలో ఉన్న సైరీన్ నగరంలో కలిగిన కుటుంబం వాడు. 390ల్లో అలెగ్జాండ్రియా వచ్చి ఆమె దగ్గర చదువుకున్నాడు. ఆమె పాత దేవుళ్ల కాలపు తత్వశాస్త్రాన్ని, ప్లేటో మార్గాన్ని చెప్పేది. శిష్యుల్లో క్రైస్తవులు ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. సైనేసియస్ తర్వాత క్రైస్తవ బిషప్ అయ్యాడు. అయినా గురువును వదల్లేదు. ఆయన ఆమెకు రాసిన ఏడు ఉత్తరాలు మిగిలాయి. ఆమె ఇచ్చిన జవాబులు ఒక్కటీ మిగల్లేదు.

ఒక ఉత్తరంలో తనకు ఒక పరికరం చేయించి పంపమని అడిగాడు. అది పిల్లనగ్రోవి అంత గొట్టం. నిలువునా గీతలు, కింద బరువు. నీళ్లలో వేస్తే నిలబడి ఎంత లోతు మునిగిందో చూపిస్తుంది, దాన్నిబట్టి నీటి సాంద్రత చెప్పవచ్చు. పాలు కొలిచే లాక్టోమీటరు చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కొలతలన్నీ ఆయనే రాశాడు కాబట్టి ఆమె కనిపెట్టిన వస్తువు కాదది. కానీ కంచరి దగ్గర నిలబడి సరిగ్గా చేయించగల మనిషిగా ఆమె మీద ఆయనకు నమ్మకం. ఇంకోచోట, నక్షత్రాల స్థానాలు చూపే ఆస్ట్రోలేబ్ తయారీలో ఆమె నేర్పిన విద్యే తనకు తోడ్పడిందని రాశాడు. తాను రాసిన పుస్తకాన్ని పంపి, మీరు బాగుందంటేనే బయటపెడతానన్నాడు. ఆస్తి పోగొట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లకు అధికారుల దగ్గర మాటసాయం చేయమని కోరాడు. చివరి రోజుల్లో, పిల్లలు పోయి, మంచం పట్టి, ఆ ఉత్తరం చెప్పి రాయించాడు. అందులో ఆమెను తల్లిగా, అక్కగా, గురువుగా సంబోధించాడు. దాదాపు 413లో ఆయన కన్నుమూశాడు. గురువుకు ఏం జరిగిందో చూడాల్సిన గతి ఆయనకు పట్టలేదు.

ఆమె రూపం గురించి కూడా కొంత రాతలో ఉంది. ఒక శతాబ్దం తర్వాత డమాస్కియస్ అనే తత్వవేత్త ఆమె గురించి రాశాడు. తత్వవేత్తలు వేసుకునే ముతక ఉత్తరీయం కప్పుకుని ఊళ్లో నడిచి వెళ్లేదని, అడిగినవాళ్లకు ప్లేటోనో అరిస్టాటిల్‌నో వివరించేదని చెప్పాడు. ఆడది అలా నలుగురిలోకి రావడం అక్కడ మామూలు కాదు. పెళ్లి చేసుకోలేదు. నగర పెద్దలు, కొత్తగా వచ్చిన అధికారులు ఆమె ఇంటికి వెళ్లి పలకరించేవాళ్లు. ఇంటి ముందు గుర్రాలు, జనం నిలబడి ఉండేవాళ్లని కూడా రాశాడు.

ఆ గౌరవమే ఆమె మీదికి వచ్చింది.

391 ప్రాంతంలో, థియోఫిలస్ ప్రధాన బిషప్‌గా ఉన్నప్పుడు, నగరంలోని సెరాపిస్ దేవాలయం కూల్చేశారు. ఆ గొడవల్లో హైపేషియాను ఎవరూ తాకలేదు, పాఠాలు సాగాయి. 412లో థియోఫిలస్ పోయాక మేనల్లుడు సిరిల్ ఆ పీఠం ఎక్కాడు. నగర పాలన చక్రవర్తి పంపిన అధికారి ఒరెస్టెస్ చేతిలో ఉంది. ఆయనా క్రైస్తవుడే. ఊరి మీద పెత్తనం ఎవరిదన్నదే ఇద్దరి మధ్య తగువు. యూదులకూ క్రైస్తవులకూ మధ్య రక్తపాతం జరిగింది. సిరిల్ యూదులను ఊరి నుంచి వెళ్లగొట్టించాడు. ఒరెస్టెస్‌కు అది తన అధికారంలో వేలుపెట్టడంగా కనిపించింది. తర్వాత ఎడారి నుంచి వచ్చిన సన్యాసులు దారిలో ఒరెస్టెస్‌ను చుట్టుముట్టారు. అమ్మోనియస్ అనేవాడు విసిరిన రాయి తలకు తగిలి రక్తం కారింది. అతన్ని పట్టుకుని హింసిస్తే చనిపోయాడు. సిరిల్ అతన్ని అమరవీరుడిగా ప్రకటించబోయాడు. రాజీ అనేది ఇక మిగల్లేదు.

ఒరెస్టెస్ తరచూ సలహా అడిగేది హైపేషియాను. అందుకే రాజీ కుదరకుండా ఆమే అడ్డుపడుతోందని పుకారు లేచింది. పుకారుకు ఆధారం అక్కర్లేదు కదా. 415 మార్చిలో, ఉపవాసాల రోజుల్లో, పీటర్ అనే చర్చి పాఠకుడి వెంట ఒక గుంపు ఆమె బండిని అడ్డగించింది. కిందికి లాగి, సిజేరియం అనే చర్చికి తీసుకుపోయి, పెంకులతో చంపారు. శరీరాన్ని ఊరి బయట కాల్చేశారు. పిల్లలు చదివే పేజీ కాబట్టి ఇంతకంటే రాయం.

ఈ సంగతులు మనకు వివరంగా చెప్పింది కూడా ఒక క్రైస్తవ చరిత్రకారుడే. కాన్‌స్టాంటినోపుల్‌కు చెందిన సోక్రటీస్ అని పేరు, పాత తత్వవేత్త సోక్రటీస్ వేరు. పాతికేళ్లలోపే రాశాడు. ఈ పని అలెగ్జాండ్రియా చర్చికి మచ్చ తెచ్చిందని, క్రైస్తవులకు తగినది కాదని ఖండించాడు. కాబట్టి దీన్ని ఒక మతం చదువును చంపిన కథగా చెప్పడం సులువేగానీ సరిగా అతకదు. ఆమెను ప్రేమించిన బిషప్ ఉన్నాడు. ఆమె మాట విన్న క్రైస్తవ అధికారి ఉన్నాడు. ఆమెను చంపిన క్రైస్తవ గుంపు కూడా ఉంది. రెండు అధికారాలు కొట్టుకుంటుంటే మధ్యలో కాపలా లేని మనిషి దొరికింది.

చక్రవర్తి రెండో థియోడోసియస్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఎవరికీ శిక్ష పడినట్టు చరిత్రలో లేదు. మరుసటి ఏడు, బిషప్ కింద పనిచేసే పారబలాని అనే సేవక దళాన్ని 500 మందికి పరిమితం చేస్తూ ఆజ్ఞ వచ్చింది. రెండేళ్లు తిరక్కముందే దాన్ని 600 చేశారు. ఒరెస్టెస్ పేరు ఆ తర్వాత ఎక్కడా వినిపించదు. ఏడో శతాబ్దం చివర నికియు బిషప్ జాన్ రాసిన చరిత్రలో ఆమె మంత్రగత్తె. ఆస్ట్రోలేబులు కూడా మాయ వస్తువుల లెక్కలో చేరాయి. అర్థం కాని పనిముట్టు చేతబడిగా కనిపించడం అన్ని ఊళ్లలోనూ జరిగిందే.

ఇక బొమ్మల సంగతి. వాటికన్‌లో రఫాయెల్ 1509, 1511 మధ్య గోడ మీద గీసిన ఏథెన్స్ పాఠశాల చిత్రంలో తెల్లబట్టల్లో మనవైపు చూస్తున్న ఒక రూపం ఉంది. అది హైపేషియా అని చాలామంది చెబుతారు, చార్టుల్లోనూ అచ్చవుతుంది. కళాచరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకోరు. 1853లో చార్లెస్ కింగ్‌స్లీ అనే ఇంగ్లిష్ రచయిత ఆమె మీద నవల రాసి, ఆమెను పాతికేళ్ల సుందరిని చేశాడు. ఆ నవల చదివి 1885లో చార్లెస్ విలియం మిచెల్ గీసిన నూనెరంగుల చిత్రం ఇంగ్లండులో న్యూకాజిల్ నగరంలో ఉంది. అందులో ఒంటి మీద బట్టలు లేక, జుట్టు కప్పుకుని, బలిపీఠం పక్కన నిలబడిన యువతి కనిపిస్తుంది. చావుకు ముందు క్షణం అది. ఆమె చదువుకు గుర్తుగా చిత్రంలో ఒక్క వస్తువూ లేదు.

లెక్క వేయండి. తండ్రి గ్రహణాలు గమనించింది 364లో. ఆమె శిష్యులు 390లకే పెద్దవాళ్లు. చనిపోయేనాటికి ఆమెకు నలభై అయిదు దాటి ఉండాలి, అరవై దాకా ఉండవచ్చని కొందరు పండితుల అంచనా. జుట్టు నెరిసి ఉంటుంది. మన పాఠశాలల్లో ఎన్నో ఏళ్లుగా గణితం చెబుతున్న పెద్ద టీచరమ్మను తలుచుకుంటే గాస్పార్డ్ బొమ్మకంటే దగ్గరగా ఉంటుంది.

అలెగ్జాండ్రియాలో కోమ్ ఎల్ దిక్కా అనే చోట తవ్వకాల్లో ఇరవైకి పైగా పాఠాల గదులు బయటపడ్డాయి. హైపేషియా తర్వాతి తరాలవి. మూడు వైపులా మెట్లలా రాతి బెంచీలు, వాటి మధ్య ఎత్తుగా మాస్టారి పీట. మీ బడి గోడ మీద ఆమెను గీయాలనుకునే డ్రాయింగ్ మాస్టార్లకు ఈ గది మంచి నమూనా. ముతక ఉత్తరీయం కప్పుకున్న నడివయసు మనిషిని ఆ ఎత్తు పీట మీద కూర్చోబెట్టండి. చేతిలో కోసిన శంకువు, నాలుగు కోతలూ కనబడేలా. పక్కన గీతలు గీసిన గొట్టం ఒకటి నీళ్లలో నిలబడి ఉండాలి. బెంచీల మీద శిష్యులు. వెనక మంటల్లో గ్రంథాలయం వద్దు. ముఖానికి మాత్రం ఆధారం లేదు కాబట్టి, చిత్రకారుడికి నచ్చిన ముఖం వేసుకోవచ్చు.